చూడకుండా తగిలించిన బిళ్ళ

కుందూ నది పొంగి రాజుపాలెం దారిలో పదిరోజుల పాటు బస్సులు ఆగిపోయిన ఏడాదికి మరుసటి ఏడాది అది. కర్నూలు ఇంకా రాజధానిగానే ఉంది. ఆ ఆషాఢంలో ఒక బుధవారం పొద్దున, ప్రొద్దుటూరులో వకీలు గురునాథం గారింటికి ఒక తల్లీ కూతురూ వచ్చారు. తల్లి పేరు రుక్మిణమ్మ. కూతురు కృష్ణకుమారికి పద్దెనిమిదేళ్లు నిండబోతున్నాయి. వాళ్లు అడగడానికి వచ్చింది ఒకే ఒక్క కాగితం. ఆ పిల్ల ఎనిమిదో తరగతి ప్యాసయిన సర్టిఫికెట్టు.

పులివెందులలో ఆడపిల్లలకు పంతులమ్మల శిక్షణ ఇచ్చే బడిలో కృష్ణకుమారికి చోటు దొరికింది. శనివారం సాయంత్రంలోగా అసలు కాగితం తెచ్చి చూపిస్తేనే ఆ చోటు ఆమెది. లేకుంటే వెనక వరసలో ఉన్న ఇంకో పిల్లకు పోతుంది. మళ్లీ ఏడాది అడుగుదామంటే వయసు దాటిపోతుంది. పోనీ ఇంకో కాగితం రాయించుకుందామా అంటే, రాసిచ్చే బడే లేదు. ఆ బడి లింగాలలో ఆమె తండ్రి వేదవ్యాస గారు నడిపినది. ఆయన కాలం చేసి నాలుగేళ్లయింది. ఆయనతోనే బడీ మూతపడింది. బడి పుస్తకాలు చెదల పాలయ్యాయి.

ఆయన పోయాక ఆయన అన్న ఆదినారాయణ ఇంటి కోసం తగాదా పెట్టుకున్నాడు. పిల్ల వయసు రుజువు చేయాల్సి వచ్చి ఆ కాగితం వకీలుగారి చేతికి వచ్చింది. తర్వాత పెద్దమనుషులు కూర్చుని రాజీ చేశారు. తగాదా తీరింది గానీ కాగితం వకీలుగారి ఇంట్లో దస్తరాల గదిలోనే ఉండిపోయింది. అందరూ అట్లాగే అనుకున్నారు.

దస్తరాల గది అంటే, ఆ ఇంట్లో వసారా పక్కన ఉండే చీకటి గది. మూడు గోడలకూ కొయ్య గూళ్లు. ఒక్కో గూట్లో ఒక్కో ఇంటి కాగితాలు ఎర్రగుడ్డలో చుట్టి, నాడాతో ముడివేసి ఉంటాయి. ఆ మూటనే దస్తరం అనేవాళ్లు. ప్రతి దస్తరానికీ ఒక అంకె, ఆ అంకె చెక్కిన చిన్న కొయ్య బిళ్ళ ఒకటి. ఆ గదిని ఇరవై రెండేళ్లుగా చూసుకుంటున్నవాడు అల్లాబక్ష్. దూదేకుల ఇంట పుట్టినవాడు, అరవై దాటినవాడు. మూడో తరగతితో బడి మానేశాడు, అక్షరాలు కూడబలుక్కుని చదువుతాడు. మాట తక్కువ మనిషి. ఆ గదిలో బల్లులైనా పలుకుతాయి గానీ అల్లాబక్ష్ పలకడని వకీలుగారింట్లో ఆడవాళ్లు నవ్వుకునేవాళ్లు.

ఆ గదికి ఒక పద్ధతి ఉంది. వకీలుగారు ఫలానా దస్తరం కావాలంటే, అల్లాబక్ష్ దాన్ని దించి, ముడి విప్పి, పైన కుట్టిన చిట్టా ప్రకారం లోపలి కాగితాలన్నీ ఉన్నాయో లేదో కళ్లతో చూడాలి. చూసిన తర్వాతనే బిళ్ళను తలుపు పక్కన మేకుకు తగిలించాలి. పుస్తకంలో తన గుర్తు వేయాలి. బిళ్ళ మేకున పడిందంటే సాయంత్రం పని ఖాయమైనట్టే. పొద్దు వాలే వేళకు అల్లాబక్ష్ బావమరిది జమాల్ వచ్చి, మేకుకు ఏ బిళ్ళ కనపడితే ఆ దస్తరాన్ని వకీలుగారి బల్లమీద నుంచి తెచ్చి, చుట్టి, ముడివేసి, గూట్లో పెట్టి, బిళ్ళ తీసేసి, పుస్తకంలో 'చేరింది' అని రాస్తాడు. జమాల్ లోపల ఏముందని చూడడు. చూడాల్సిన పని పొద్దున్నే అయిపోయిందని వాడి నమ్మకం.

ముందటి గుమాస్తా ఈ పని నేర్పేటప్పుడు ఒకటే మాట నూరుసార్లు చెప్పాడు. దస్తరంలో ఏదన్నా తక్కువైతే బిళ్ళ ముట్టుకోవద్దు, నేరుగా వకీలు దగ్గరికి పోయి తక్కువైందని చెప్పు. బయటికి రానేరాని కాగితాన్ని సాయంత్రం లోపల పెట్టినట్టు పుస్తకంలో పడిందంటే, ఇక దాన్ని వెతికేవాడే ఉండడు అని.

ఆ బుధవారం అల్లాబక్ష్ దస్తరం తెచ్చి వకీలుగారి బల్లమీద పెట్టి ముడి విప్పాడు. వకీలుగారు ఒక్కో కాగితం తీసి పక్కన పెట్టారు. ఇంటి పట్టా ఉంది. ఆదినారాయణ ఇచ్చిన నోటీసు ఉంది. మరణ ధ్రువీకరణ ఉంది. సర్టిఫికెట్టు లేదు. మళ్లీ మొదటి నుంచి చూశారు. గుడ్డ దులిపారు. కృష్ణకుమారి బల్ల అంచు పట్టుకుని నిలబడింది. రుక్మిణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వకీలుగారు పుస్తకం తెప్పించారు. ఆ దస్తరం చివరిసారి బయటికి వచ్చింది కార్తీకంలో. పొద్దున గడిలో అల్లాబక్ష్ గుర్తు, సాయంత్రం గడిలో జమాల్ రాసిన 'చేరింది'. ఆ తర్వాత దాన్ని ముట్టుకున్నవాళ్లే లేరు.

"ఇదో అల్లాబక్షూ, కార్తీక మాసం. నీ గుర్తుండాది. ముడి విప్పి చూసి వేసిందే కదా ఇది?" అని అడిగారు వకీలుగారు.

అల్లాబక్ష్ ఏమీ అనలేదు. ఇరవై రెండేళ్లుగా ఆ ఇంట్లో ఆయన మాట్లాడకపోతే ఔననే అర్థం. వకీలుగారు తల ఊపి పుస్తకం మూసేశారు. కార్తీకం దాకా కాగితం గదిలో ఉందన్నమాట, అయితే ఇంట్లోనే ఎక్కడో జారి పడి ఉంటుంది, వెతకండి అన్నారు.

ఆ ఔను నిజం కాదని అల్లాబక్ష్‌కు తెలుసు. ఎందుకంటే కార్తీకంలో ఆ పొద్దు ఆయనకు ఇంకా కళ్ల ముందరే ఉంది. కళ్ల ముందర అనడం కూడా తప్పే. ఆ పొద్దే ఆయన మొదటిసారి అక్షరం కనపడక నిలబడిపోయాడు. దస్తరం దించి, ముడి మీద చెయ్యి వేసి, పైన కుట్టిన చిట్టాను వెలుతురుకు పట్టుకున్నాడు. పొగ కమ్ముకున్నట్టు గీతలన్నీ కలిసిపోయాయి. కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాడు. పొగ పోలేదు. వసారాలో నుంచి వకీలుగారు తొందర చేశారు. సాయంత్రం జమాల్ వచ్చాక చదివించుకుందాంలే అనుకుని బిళ్ళ తగిలించేశాడు, గుర్తు వేసేశాడు, ముడి విప్పకుండానే దస్తరాన్ని బల్లమీద పెట్టాడు. ఆ పొద్దు వకీలుగారికి చుట్టాలొచ్చి ఆ దస్తరం జోలికే పోలేదు. సాయంత్రం జమాల్ వచ్చి మేకుకు బిళ్ళ చూసి, దాన్ని ఉన్నదున్నట్టు గూట్లో పెట్టాడు. అల్లాబక్ష్ జమాల్‌ను చదవమని అడగలేదు. అడిగితే ఎందుకని వాడు అడుగుతాడు. ఆ తర్వాత కూడా అడగలేదు. ఎనిమిది నెలలుగా దస్తరాలను చేతి బరువుతోనే చూస్తున్నాడు.

ఆ బుధవారమూ, మరునాడూ ఇల్లంతా వెతికారు. గూళ్లు దులిపారు, గూళ్ల వెనక చీపురు పుల్లలు పెట్టి కెలికారు, బల్ల సొరుగులన్నీ బోర్లించారు. వకీలుగారి భార్య బియ్యం డబ్బా కింద కూడా చూసింది. తల్లీ కూతుళ్లకు ముందు గదిలో పడక ఏర్పాటు చేశారు. వకీలుగారు ఎవరినీ ఒక్క మాట అనలేదు గానీ, కాగితం దొరికేదాకా జమాల్‌ను దస్తరాలు ముట్టుకోవద్దన్నారు. కార్తీకం సాయంత్రం చివరి చెయ్యి వాడిదే మరి.

జమాల్ నవ్వుతూనే జవాబు చెప్పాడు. "ఆ కాయితం ఎత్తకపోయి నేనేమన్నా పులివెందులలో పంతులమ్మనవుతానా సామీ?" అన్నాడు. వసారాలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నవ్వు అయిపోయాక వాడు మేకు దగ్గర కాసేపు నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని బయటికి పోయాడు. అది అల్లాబక్ష్‌కు కనపడలేదు. కానీ వాడి చెప్పుల చప్పుడు ఎప్పటికంటే నెమ్మదిగా పోవడం వినపడింది.

కృష్ణకుమారి కూడా చీర చెంగు నడుముకు దోపుకుని దస్తరాల గదిలోకి వచ్చింది. పక్క గూళ్లలో దస్తరాలు ఒక్కొక్కటే విప్పి, తన కాగితం అందులో కలిసిపోయిందేమోనని చూస్తూ, చూసినవాటిని అల్లాబక్ష్‌కు అందించేది. ఆయన ముడి వేసేవాడు. ఆ గదిలో అంతసేపు ఇంకొకరి గొంతు వినపడడం అదే మొదలు. ఆ పిల్ల వాళ్ల నాయన గురించి చెప్పుకొచ్చింది. ఎనిమిదో తరగతి అయ్యాక ఆయన సర్టిఫికెట్లు రాస్తూ, అందరు పిల్లలతో పాటు తననూ వరసలో నిలబెట్టాడట. తన వంతు వచ్చేసరికి తలెత్తకుండా, నీ పేరేమి అని అడిగాడట. తండ్రి పేరేమి అని కూడా అడిగాడట. తను నవ్వు ఆపుకోలేక వేదవ్యాస అని చెబితే, ఆయన తెలియనట్టే రాసుకున్నాడట.

"మా నాయన చేత్తో నా పేరు రాసింది అదొక్కటే తాతా నాకు మిగిలింది," అని, ఇంకో దస్తరం కోసం చెయ్యి చాచింది.

అల్లాబక్ష్ చేతిలో నాడా ముడి పడలేదు. రెండుసార్లు జారిపోయింది. మూడోసారి ఆ పిల్లే అందుకుని వేసింది.

గురువారం పొద్దు వాలింది. కాగితం దొరకలేదు. ఇక మిగిలింది శుక్రవారం ఒక్కటే.

అల్లాబక్ష్ ఇంటికి పోయేసరికి భార్య షాహీదాబీ వాకిట్లో సంగటి దించుతోంది. ఆమె మాట్లాడే మనిషి. ఆయనకు రావలసిన మాటలు కూడా తనే వాడేసుకుందని వీధిలో అంటుండేవాళ్లు. ఆయన కాళ్లు కడుక్కుని కూర్చున్నాడు. ముద్ద పెట్టింది. పుంటికూర పప్పు వేసింది. ఆయన ముద్దను వేళ్లతో అదుముతూ ఉండిపోయాడు.

"ఏందప్పా, తినేదానికి పెడితే పిసుకుతాండావు?" అంది.

ఆయన ముద్దను కంచంలో వదిలి, "ఆ పొద్దు నేను ముడి విప్పల్యా," అన్నాడు.

ఆమె గరిటె పక్కన పెట్టి ఎదురుగా కూర్చుంది. ఆయన చెప్పాడు. కార్తీకం నాటి పొగ, వకీలుగారి తొందర, బిళ్ళ, పుస్తకంలో గుర్తు, జమాల్ మీద పడ్డ నీడ, ఆ పిల్ల చెప్పిన వరస. పెళ్లయిన నలభై ఏళ్లలో ఆయన అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడింది లేదు. చివర, కళ్లు పోతున్నాయని తెలిస్తే పని పోతుందని చెప్పి ఊరుకున్నాడు.

షాహీదాబీ లేచింది. చెంబు తెచ్చి ఆయన కుడిచేతి పక్కన పెట్టింది.

"నీ కండ్ల సంగతి నాకు కార్తీకం నుంచే తెలుసు," అంది. "నీ చెయ్యి యాడికి పోతాదో ఆడనే చెంబు పెడతాండా ఈ ఎనిమిది నెల్లూ. నువ్వు చెప్తావేమోనని నేను, నేను అడుగుతానేమోనని నువ్వు. శానా బాగుండాది మన కాపురం."

ఆయన చెంబు మీద చెయ్యి వేశాడు. నిజమే, తడుముకోకుండానే దొరికింది. ఈ ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా తడుముకోలేదని అప్పుడు తెలిసింది.

"చెప్తే పని పోతాది," అన్నాడు మళ్లీ.

"పోతే పోతాది. ఇద్దరికి సంగటి యాడో ఒకచోట పుట్టదా? ఆయప్ప ఇల్లంతా తవ్వతాండాడు. కార్తీకం దాకా కాయితం ఆడుండాదని నీ గుర్తు చెప్పబట్టే కదా ఇంట్లో వెతికేది. ఆ గుర్తు వట్టిదని తెలిస్తే ఇంకో తావున వెతుక్కుంటాడు. అది తెలిసినోడివి నువ్వొక్కడివే, బెల్లం కొట్టిన రాయి మాదిరి కూర్చున్నావు. తిను ముందు."

ఆయన తిన్నాడు.

శుక్రవారం పొద్దున వకీలుగారు స్నానం చేసి బయటికి వచ్చేసరికి అల్లాబక్ష్ వసారాలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ గదిలోనే ఉండే మనిషి అక్కడ ఉండటం చూసి వకీలుగారు ఆగారు. రుక్మిణమ్మ, కృష్ణకుమారి ముందు గది గడపలో కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందర చెప్పడం అల్లాబక్ష్‌కు కష్టంగానే ఉంది. కానీ వాళ్లు వినాల్సిన మాటే అది.

"సామీ, కార్తీకంలో నేను ముడి విప్పల్యా. నా గుర్తు వట్టిది. కండ్లు కనపడక, చూడకుండానే బిళ్ళ తగిలిచ్చినా. ఆ కాయితం అప్పుడు దాంట్లో ఉండిందో లేదో నాకు తెలీదు. జమాల్ తప్పేం లేదు."

వకీలుగారు ఆయన్నే చూస్తూ, ఉత్తరీయం భుజాన వేసుకోవడం మరిచిపోయి, అట్లాగే బల్ల దగ్గర కూర్చున్నారు. కోపం వచ్చింది, ముఖం ఎర్రబడింది. అది నోటిదాకా రాకముందే వేరే ఆలోచన ఏదో అడ్డం వచ్చినట్టుంది. పుస్తకం తెరిచి కార్తీకం పుట మీద వేలు పెట్టారు. ఆ వేలు మెల్లగా వెనక్కి జరిగింది.

"గణపతి," అన్నారు.

గణపతి అంటే ఆయన దగ్గర పని నేర్చుకుని జమ్మలమడుగులో సొంతంగా ప్రాక్టీసు పెట్టుకున్న వకీలు. దసరాకు ముందర, రాజీ మాటలు జరిగేటప్పుడు, తన కక్షిదారు ఆదినారాయణకు పిల్ల వయసు చూపించి నమ్మించాలని గణపతి ఆ సర్టిఫికెట్టు అడిగాడు. ఒక తెల్లవారుజామున బస్సుకు పోతూ పోతూ వచ్చాడు. అల్లాబక్ష్ ఇంకా రాలేదు. వకీలుగారే గదిలోకి పోయి, దస్తరం విప్పి, కాగితం తీసిచ్చి, మళ్లీ ముడి వేశారు. పుస్తకంలో రాయలేదు, బిళ్ళ తగిలించలేదు. రాజీ అయిపోయింది, అందరూ మరిచిపోయారు.

మొన్న గణపతి పేరు ఆయనకు తట్టకపోలేదట. కానీ పుస్తకం చూస్తే, దసరా తర్వాత కార్తీకంలో కాగితం గదిలోనే ఉన్నట్టు గుర్తు కనపడింది. గణపతి తెచ్చి ఇచ్చే ఉంటాడు, తనే మరిచి ఉంటానని ఆ ఆలోచన అక్కడే వదిలేశారట.

"నువ్వు ఆ పొద్దు ముడి విప్పింటే, తక్కువైందని అప్పుడే చెప్పింటావు. నెల కూడా కాల్యా, నాకు గుర్తుండేది," అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "నేను పుస్తకంలో రాసి బిళ్ళ తగిలిచ్చింటే నువ్వు చూడకున్నా తెలిసేది. నీదొక తప్పు, నాదొక తప్పు. ఆ బిడ్డకు రెండూ తగిలినాయి," అన్నారు.

వకీలుగారికి ఆ పొద్దు కోర్టులో వాయిదా ఉంది. జమాల్‌ను పంపుదామన్నారు. అల్లాబక్ష్ తను పోతానన్నాడు. కళ్లు కనపడనివాడివి ఎట్ల పోతావని అడిగితే, బస్సు కనపడుతుంది సామీ, కాగితమే కనపడదు అన్నాడు. ఆ మాటకు కృష్ణకుమారి మూడు రోజుల్లో మొదటిసారి నవ్వింది. వకీలుగారు చీటీ రాసిచ్చారు.

జమ్మలమడుగులో బస్సు దిగేసరికి మిట్టమధ్యాహ్నం. శుక్రవారం నమాజుకు పిలుపు వినపడుతోంది. అల్లాబక్ష్ ఒక్క నిమిషం ఆగి, మసీదు వైపు తిరిగి, పని కానిచ్చుకుని వస్తానన్నట్టు గుండె మీద చెయ్యి పెట్టుకుని ముందుకు నడిచాడు. గణపతి గారిల్లు అడుగుతూ పోతే ఒకాయన దగ్గరుండి గుమ్మం చూపించాడు.

గణపతి ఇంట్లో లేడు. మైలవరంలో చుట్టాలింట్లో పెద్దకర్మకు పోయాడు, ఆదివారం గానీ రాడు. ఆ మాట చెప్పింది ఆయన భార్య పద్మావతమ్మ. ఆమె చీటీ చదివి, అల్లాబక్ష్‌ను అరుగు మీద కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, ఇబ్బందిగా నిలబడింది. భర్త కాగితాల పెట్టెను ఇంట్లో ఎవరూ ముట్టుకోరు. ముట్టుకుంటే ఆయనకు ఎక్కడలేని కోపం వస్తుంది. ఆదివారం ఆయన వచ్చాక పంపిస్తామని చెప్పింది.

ఆదివారానికి ఆ కాగితం ఎందుకూ పనికిరాదు. అల్లాబక్ష్ ఆ సంగతి ఎట్లా చెప్పాలో ఆలోచించాడు. మాటలు కూడబలుక్కోవడం ఆయనకు అక్షరాలు కూడబలుక్కోవడం కంటే కష్టం.

"రేపు సాయంత్రానికి పులివెందులలో చూపియ్యాలమ్మా. ఆ బిడ్డకు నాయన లేడు. ఆ నాయన రాసిచ్చిన కాయితమే అది," అన్నాడు. అంతకంటే ఏమీ తోచలేదు.

పద్మావతమ్మ లోపలికి పోయింది. రేకు పెట్టె మూత తీసిన చప్పుడు వినపడింది. చాలాసేపు కాగితాల గలగల. అల్లాబక్ష్ మజ్జిగ తాగి గ్లాసు కడిగి బోర్లించాడు. ఎండ అరుగు మీదికి జరిగింది, ఆయన నీడలోకి జరిగాడు. చివరకు ఆమె ఒక కాగితం పట్టుకుని వచ్చింది. కృష్ణకుమారి పేరు కనపడిందని, ఇదేనేమోనని ఆయన చేతికిచ్చింది.

ఆయన దాన్ని తువ్వాలులో పెట్టి మడత వేయబోయాడు. బస్సు వేళవుతోంది. ముడి వేసుకుంటే పని అయిపోతుంది. ఆ ముడి మీదే చెయ్యి ఆగింది. మళ్లీ విప్పి, కాగితం ఆమెకు చాచాడు.

"నాకు కండ్లు కనపడవమ్మా. రవ్వంత సదివి చెప్పండి."

ఆ మాట అప్పటికే ఆ పొద్దు ఒకసారి అన్నది కాబట్టి, రెండోసారి తేలిగ్గానే వచ్చింది. పద్మావతమ్మ గడపలో కూర్చుని చదివింది. బాలిక పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ప్యాసయిన తరగతి, నడవడి మంచిది. అడుగుకు వచ్చేసరికి ఆమె గొంతు ఆగింది.

"ఈడ నకలు అని రాసుండాదప్పా. ఇది మా ఆయన చేతిరాతే."

నకలు చూపిస్తే ఆ బడివాళ్లు ఒప్పుకోరు. అల్లాబక్ష్ ఏమీ అనలేదు. అనకపోయినా ఈసారి ఆమెకు అర్థమైంది. నకలు ఉందంటే అసలుది కూడా ఆ పెట్టెలోనే ఉండాలని ఆమే అంటూ, మళ్లీ లోపలికి పోయి, ఈసారి పెట్టెనే తెచ్చి అరుగు మీద పెట్టింది. ఆయన కోపం ఆయన దగ్గరే ఉండనీ అని గొణుక్కుంటూ ఒక్కో కాగితం తీసి, చదివి, వరస చెదరకుండా పక్కన పేర్చింది. పెట్టె అడుగున, పాత పంచాంగం మడతలో, అసలుది దొరికింది.

చదవమని ఆయన అడగక ముందే ఆమె చదవడం మొదలుపెట్టింది. అవే పేర్లు, అదే తేదీ. అడుగున ముద్ర ఉంది, వేదవ్యాస, ప్రధానోపాధ్యాయుడు అని సంతకం ఉంది. నడవడి దగ్గరికి వచ్చి ఆమె కాగితాన్ని దగ్గరగా పెట్టుకుంది.

"నకల్లో ఇది లేదు. 'చాలా మంచిది' అని రాసి, 'చాలా'ను కొట్టేసినాడు ఆయప్ప," అంది.

కన్నబిడ్డకు కాగితం రాస్తూ, మనసు రాసిన మాటను ఉద్యోగం కొట్టేసింది. ఆ చిన్న గీతను అల్లాబక్ష్ చూడలేడు గానీ, వేలితో తడిమాడు. పాళీ గట్టిగా దిగిన చోట కాగితం కొంచెం గరుకుగా తగిలింది. అప్పుడు తువ్వాలులో చుట్టి, ముడి వేసి, నడుముకు కట్టుకున్నాడు. పద్మావతమ్మ, అమ్మాయి పంతులమ్మ అయ్యాక ఈ దారిన వస్తే మా ఇంటికి రమ్మను అని చెప్పి పంపింది.

ఆయన ప్రొద్దుటూరు చేరేసరికి ఇంకా వెలుతురుంది. రుక్మిణమ్మ వీధి గుమ్మంలోనే నిలబడి ఉంది. కృష్ణకుమారి వసారా స్తంభానికి ఆనుకుని కూర్చుంది. బస్సు వచ్చిన చప్పుడు విని, ఆయన నడక చూసి, ఇద్దరూ ఎదురు వచ్చారు. అల్లాబక్ష్ నడుము నుంచి ముడి విప్పి, కాగితాన్ని రెండు చేతులతో ఆ పిల్లకు ఇచ్చాడు.

"నువ్వు చూసుకో బిడ్డా. చూసి చెప్పు, ఔనా కాదా," అన్నాడు.

ఆమె చూసింది. పై నుంచి కిందికి, వరస తప్పకుండా చూసింది. కొట్టేసిన మాట దగ్గర ఆగిపోయింది. ఆమెకు పద్నాలుగేళ్లప్పుడు ఆ కాగితం తీసుకుని నేరుగా తల్లికి ఇచ్చేసింది. దాన్ని చదువుకోవాలని అప్పుడు తోచలేదు. తల్లి పక్కకు వచ్చి వంగి చూసి, ఆ గీత మీద వేలు పెట్టి, "మీ నాయన ఇంతే," అంది.

"ఔను తాతా. ఇదే," అంది కృష్ణకుమారి. వంగి ఆయన కాళ్లకు దండం పెట్టబోతే ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. అయినా వదలక పెట్టింది.

అప్పటికి వకీలుగారు కోర్టు నుంచి వచ్చారు. కాగితం చూసి, తలుపు పక్కన నిలబడ్డ జమాల్‌ను పిలిచి, రెండు రోజులు నీ మీద మనసులో తప్పు పెట్టుకున్నానురా అన్నారు. జమాల్, పెట్టుకుంటే పెట్టుకున్నారు, పంతులమ్మ ఉద్యోగం మాత్రం పోయె సామీ నాకు అన్నాడు. అల్లాబక్ష్ పని సంగతి ఆ సాయంత్రం ఎవరూ ఎత్తలేదు. ఆయనా అడగలేదు. ఇంటికి పోయి, షాహీదాబీకి కాగితం దొరికిందని రెండు మాటల్లో చెప్పి, సంగటి తిని పడుకున్నాడు. మిగతాదంతా ఆమె మరునాడు జమాల్ దగ్గర రాబట్టుకుంది.

మరునాడు పొద్దున తల్లీ కూతుళ్లు మొదటి బస్సుకే పులివెందుల పోయారు. ఆ బస్సు మధ్యాహ్నానికి ముందే చేరుతుంది, సాయంత్రం దాకా గడువుంది. అల్లాబక్ష్ ఆ వేళకే వకీలుగారింటికి వచ్చాడు, జమాల్‌ను వెంటబెట్టుకుని. దస్తరాల గది తలుపులు రెండూ బార్లా తెరిచి, వెలుతురు పడేచోట చాప పరిచి, పుస్తకాన్ని బావమరిది ముందర పెట్టాడు.

"కార్తీకం కాడినుంచి నా గుర్తున్నవన్నీ సదువు," అన్నాడు.

జమాల్ వేలు పెట్టి లెక్కవేశాడు. నలభై ఒకటి. ఇన్నీ చూడకుండానే వేసినావా బావా అని అడిగాడు, ఎగతాళి లేకుండా. అల్లాబక్ష్ ఔనన్నాడు. పైకే అన్నాడు.

తర్వాత లేచి, జమాల్ చెప్పిన అంకెలు గూళ్ల మీద వేళ్లతో వెతికి, మొదటి దస్తరం దించి తెచ్చాడు. ముడి తను విప్పాడు. జమాల్ చిట్టా చదువుతూ ఒక్కో కాగితం పక్కన పెట్టాడు. అన్నీ ఉన్నాయి. అల్లాబక్ష్ చుట్టి, ముడివేసి, గూట్లో పెట్టి, రెండోదాని కోసం చెయ్యి చాచాడు. వకీలుగారు పూజ ముగించుకుని వసారాలోకి వచ్చేసరికి ఆరు దస్తరాలు అయ్యాయి. ఏడో దస్తరంలో ఒక రసీదు తక్కువ వచ్చింది. అల్లాబక్ష్ దాన్ని విప్పింది విప్పినట్టే రెండు చేతుల మీద పెట్టుకుని, అది చెప్పడానికి వసారాలోకి నడిచాడు.